గురక మెషిన్ తిరిగిచ్చేశాక: బంతి, శంఖం, పళ్ల సెట్టు

పోయిన ఏడాది మాఘమాసం పెళ్లిళ్లప్పుడు ఒక మధ్యాహ్నం, జాకెట్‌కి చెయ్యి అతుకుతూ అతుకుతూ నిద్రపోయాను. కళ్లు మూసుకుపోయాయి గానీ కాలు మోటారు పెడల్ మీదే ఉండిపోయింది. సూది ఎడమ చూపుడు వేలి గోట్లో దిగి లోపలే విరిగింది. విశాఖపట్నం పాత గాజువాకలో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, వేలికి సూది తగలడం నాకు కొత్త కాదు. నిద్రలో తగలడమే కొత్త.

సూచనలు అంతకుముందే ఉన్నాయి, నేనే పట్టించుకోలేదు. అస్తరు గుడ్డలకని పూర్ణా మార్కెట్‌కి బయల్దేరితే బస్సు ఎన్‌ఏడీ దాటకుండానే కునుకు. కాంప్లెక్స్‌లో దిగాల్సినదాన్ని మద్దిలపాలెంలో కండక్టర్ లేపిన రోజులున్నాయి. పొద్దున లేవగానే తలనొప్పి, నోరు పిడచగట్టుకుపోవడం. నాకు 51 ఏళ్లు, నెలసరి ఆగే వయసు కదా, ఇదీ అందులో భాగమే అనుకున్నాను.

మా ఆయన షిప్‌యార్డులో వెల్డర్. పగలంతా గ్రైండర్ల చప్పుడులో పనిచేసే మనిషి, నా పక్కన పడుకోలేక చాప తీసుకుని హాల్లోకి వెళ్లిపోయి మూడేళ్లయింది. గురక మగవాళ్లు పెడితే ఇంట్లో నవ్వులాట, ఆడవాళ్లు పెడితే పరువు తక్కువ. చుట్టాల పెళ్లిళ్లకి వెళ్లినా రాత్రి ఉండకుండా వచ్చేసేదాన్ని. హాలంతా వరసగా పక్కలు వేస్తారు కదా, అందరి మధ్యా పడుకోవాలంటే సిగ్గు. చివరికి మా అమ్మాయి ఒక రాత్రి ఫోన్‌లో రికార్డు చేసి వినిపించింది. గురక నేను అనుకున్నంతే ఉంది. కానీ మధ్యలో అది ఆగిపోయింది. చప్పుడే లేదు. ఫోన్ తెర మీద సెకన్లు మాత్రం కదులుతూ 27 దాకా వెళ్లాయి. ఆ తర్వాత నీళ్లలో మునిగినవాళ్లు పైకి తేలి పీల్చినట్టు ఒక్క పీల్పు. "గురక వినబడుతుంటే నాకు నిద్ర పడుతుందమ్మా. ఆగినప్పుడే లేచి కూర్చుంటున్నా" అంది.

2022లో సంగీత దర్శకుడు బప్పీ లహరి పోయినప్పుడు పేపర్లో ఈ స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, పేరు చదివాను. ఆయన మెడలో బంగారం గుర్తుండిపోయింది గానీ జబ్బు పేరు మర్చిపోయాను.

మహారాణిపేటలో ఒక ఊపిరితిత్తుల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన "మెడ చుట్టుకొలత చూడాలమ్మా" అని టేపు కోసం డ్రాయర్లు వెతుకుతుంటే, నా బ్యాగులోంచి నా టేపే తీసిచ్చాను. పదహారున్నర అంగుళాలు. ఆడవాళ్లకి 16 దాటితే ఈ జబ్బు ఉందేమోనని అనుమానించాలట. ఎంతమంది మెడలు కొలిచానో లెక్కలేదు, నా మెడ మాత్రం ఆ రోజే కొలిచారు.

పరీక్ష ఇంట్లోనే అయింది. ఛాతీకి ఒక బెల్టు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి ఆక్సిజన్ క్లిప్పు, అంతే. రిపోర్టులో చూడాల్సింది ఏహెచ్‌ఐ అనే అంకె. గంటలో ఎన్నిసార్లు ఊపిరి కనీసం 10 సెకన్ల పాటు ఆగిపోయింది లేదా బాగా తగ్గిపోయింది అన్న లెక్క అది. 5 లోపు ఉంటే ఫర్వాలేదు. 5 నుంచి 15 అయితే కొంచెం, 15 నుంచి 30 మధ్యస్తం, 30 దాటితే తీవ్రం. నాది 22. రక్తంలో ఆక్సిజన్ ఒక దశలో 81 శాతానికి పడిపోయింది. దాని కిందే ఇంకో రెండు అంకెలున్నాయి. వెల్లకిలా పడుకున్నప్పుడు 38, పక్కకి తిరిగినప్పుడు 11. వీటిని మీ రిపోర్టులో కూడా వెతకండి. నా కథంతా ఆ తేడా మీదే నడిచింది.

ఇక మెషిన్. డాక్టరు గారు సీప్యాప్ పెట్టుకోవాలి అన్నారు. ఇంట్లో ఇప్పటికే కుట్టుమెషిన్, ఓవర్‌లాక్, పికో కలిపి నాలుగు మెషిన్లు, ఇది ఐదోది అని మా ఆయన నవ్వాడు. నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి, నాలుక వెనక్కి జారి గాలి దారి మూసుకుపోతుంది. ఈ మెషిన్ ముక్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి, ముడతలు పడిన చొక్కా చేతిని లోపల్నుంచి గాలి ఊది నిలబెట్టినట్టు ఆ దారిని తెరిచి ఉంచుతుంది. సిడ్నీలో కోలిన్ సల్లివన్ అనే డాక్టరు కనిపెట్టాడు, 1981లో లోకానికి చెప్పాడు. మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటారునే తిప్పి వాడుకున్నాడట. మోటార్లతో బతికేదాన్ని కదా, ఆ ముక్క నాకు నచ్చింది.

కొనాలంటే నాకు చెప్పిన ధర 48,000, మాస్కు వేరే. అందుకని నెలకి 5,000 చొప్పున అద్దెకి తీసుకున్నాను, డిపాజిట్ పదివేలు. అద్దెకిచ్చినవాళ్ల పేరు చెప్పను గానీ, మాస్కులు ఉన్నవి రెండే సైజులు, "ఇందులో ఏదో ఒకటి సర్దుకోండి మేడమ్" అన్నారు. జాకెట్ విషయంలో నేను ఆ మాట అంటే కస్టమర్ మళ్లీ గుమ్మం ఎక్కుతుందా?

మాస్కు నా ముక్కుపుడక దగ్గర లేచి గాలి కారిపోయేది. పుడక తీస్తే అత్తమ్మకి కోపం, ఉంచితే ముక్కు మీద పుండు. తలకి నూనె రాసుకుంటే రబ్బరు అంచు జారేది, పట్టీలు జడలో చిక్కుకునేవి. అది ఏప్రిల్ నెల. ఉక్కకి ఒళ్లంతా తడిసిపోతుంటే మొహానికి సిలికాన్. తడిగాలి కోసం దాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పోస్తే ఊపిరాడనట్టు ఉండేది, పోయకపోతే ముక్కు ఎండిపోయేది. గాలివాన వచ్చి రాత్రి రెండింటికి కరెంటు పోతే మెషిన్ ఆగుతుంది, మాస్కు మాత్రం మొహాన్నే ఉంటుంది. హుద్‌హుద్ తుఫానప్పుడు మా వీధి పది రోజులు చీకట్లో ఉంది. అలాంటిది మళ్లీ వస్తే ఏమిటి నా గతి అని ఒక టెన్షన్.

నిజం కూడా చెప్పాలి. అది మొహం మీద ఉన్నంతసేపూ నా ఏహెచ్‌ఐ 3 అని మెషినే చూపించింది. తర్వాత నేను వాడినవాటిలో ఏదీ ఆ అంకె దగ్గరికి రాలేదు. కానీ అదే మెషిన్ ఇంకో అంకె కూడా దాచిపెట్టింది: రాత్రికి సగటున 2 గంటల 10 నిమిషాలు. కనీసం 4 గంటలైనా పెట్టుకుంటేనే వాడినట్టు లెక్క. నిద్రలోనే పీకేసి పక్కన పడేస్తున్నానని నాకే తెలియదు. మా బావగారు ఐదేళ్లుగా రోజూ పెట్టుకుంటారు, ఆయనకి అది లేనిదే నిద్ర రాదు. కాబట్టి మెషిన్ చెడ్డదని నేను అనను. నాకు కుదరలేదు. నెల నిండగానే తిరిగిచ్చేశాను, డిపాజిట్ రాబట్టడానికి మాత్రం ఇంకో నెలన్నర పట్టింది.

తర్వాత బంతి. వెల్లకిలా 38, పక్కకి 11 ఉన్నప్పుడు అసలు వెల్లకిలా పడుకోకపోతే సరి కదా అని నేనే డాక్టరు గారిని అడిగాను. వెల్లకిలా అంకె పక్కకి పడుకున్న అంకెకి రెట్టింపు దాటితే ఈ దారి ఆలోచించవచ్చు అన్నారు. దీనికి పాతకాలం నుంచీ ఉన్న ఉపాయం, వీపున టెన్నిస్ బంతి కుట్టుకోవడం. వెల్లకిలా తిరిగితే గుచ్చుకుని మళ్లీ పక్కకి తిరుగుతాం. "మీకు కుట్టడం నేను నేర్పక్కర్లేదు" అని నవ్వారు.

ముప్పై ఏళ్ల అనుభవం ఉండి కూడా మూడుసార్లు విప్పి కుట్టాను. మొదటిది మామూలు వదులు నైటీకి వీపున ఒక జేబు. అర్ధరాత్రికి నైటీ మెలిపడి బంతి చంక కిందికి వచ్చేసింది. అంటే బంతి నన్ను పక్కకి తిప్పడం మానేసి వెల్లకిలా తోస్తోంది! రెండోది బిగుతుగా, జాకెట్ కొలతలతో కుట్టి కింద నైటీ అతికాను. బంతి కదల్లేదు. కానీ ఒక్కటే బంతి కావడంతో దాన్ని తప్పించుకుని నడుం కింద పెట్టుకుని హాయిగా వెల్లకిలా పడుకున్నాను, శరీరం తెలివితేటలు అలా ఉంటాయి. మూడోది కుదిరింది. మెడ కింద నాలుగు అంగుళాలు వదిలి, వెన్నుపూస మీదుగా నిలువుగా పది అంగుళాల పొడవు, బంతి పట్టేంత వెడల్పు జేబు, లోపల రెండు పొరల అస్తరు, పైన వెల్క్రో. అందులో వరసగా మూడు బంతులు. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడే పాత టెన్నిస్ బంతులే మంచివి, కొత్తవి మరీ గట్టిగా ఉంటాయి. హుక్కులు ముందుకి పెట్టాలి, వెనక పెడితే అవీ గుచ్చుకుంటాయి. ఛాతీ చుట్టుకొలతకి అంగుళం కంటే ఎక్కువ వదులు ఇవ్వొద్దు.

రెండు వారాలకే తేడా తెలిసింది. మా ఆయన చాప హాల్లోంచి గది గుమ్మం దాకా వచ్చింది. అయితే ఎప్పుడూ పక్కకే పడుకుంటే భుజం పట్టేస్తుంది. దానికి రెండు బూరుగు దూది దిళ్లు వాడాను, ఒకటి తలకి, ఒకటి చేతుల మధ్యకి. బంతి చొక్కా మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది కొన్ని నెలలకే మానేస్తారని డాక్టరు గారు ముందే హెచ్చరించారు. కుట్టినదాన్ని నేనే కాబట్టి మానలేకపోయాను. పైగా పక్కకి పడుకున్నా నాకు 11 ఉండనే ఉంది, బంతి ఆ 11ని ఏమీ చెయ్యలేదు.

మధ్యలో కొన్ని చిల్లర ప్రయత్నాలు. ముక్కు మీద అంటించే పట్టీలు ముక్కు దిబ్బడకి పనికొస్తాయి, మూసుకునే చోటు గొంతులో ఉంటే అవేం చేస్తాయి? గడ్డం కింద నుంచి తలకి కట్టే పట్టీ ఆన్‌లైన్‌లో 600 చెబితే ఎలాస్టిక్ పెట్టి ముప్పై రూపాయల్లో నేనే కుట్టుకున్నాను. నోరు మూసుకుంది, ఊపిరి ఆగడం ఆగలేదు. నోటికి టేపు అతికించుకోవడం ఇప్పుడు రీల్స్‌లో ఫ్యాషన్. ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లు, అందులోనూ ముక్కు పూర్తిగా ఆడనివాళ్లు డాక్టర్ని అడగకుండా దాని జోలికి పోవద్దు. నేను ఒక్క రాత్రి, అదీ సగం రాత్రి ఉంచాను.

జూలైలో మా అమ్మాయి వేడినీళ్లలో ముంచి కొరికే రకం పళ్ల గార్డు తెప్పించింది, 1,650. మరిగిన నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది, కింది దవడ ముందుకి చాపి కొరికితే మన పళ్ల అచ్చు పడుతుంది. దవడ ముందుకి వస్తే నాలుక కూడా ముందుకి వస్తుంది, గొంతులో దారి తెరుచుకుంటుంది, అదీ దాని సూత్రం. సూత్రం సరైనదే, సరుకే సరిగ్గా లేదు. లావుగా ఉంటుంది, పెదాలు మూతపడవు, దిండంతా చొంగ. ఎంత ముందుకి చాపి కొరికామో అంతే, తర్వాత అటూ ఇటూ మార్చడానికి లేదు. లోపల గుడ్డ వదలకుండా కుట్టిన జాకెట్ లాంటిది. ఒళ్లు చేస్తే విప్పడానికి ఏమీ ఉండదు. పదకొండో రోజుకి వెనక పన్ను కదిలినంత నొప్పి, తీసి డబ్బాలో పెట్టేశాను. గురక మాత్రం తగ్గింది, అందుకే ఈ దారిలోనే ఏదో ఉందని నమ్మకం కుదిరింది.

ఇక శంఖం. దీని గురించి అడిగేవాళ్లే ఎక్కువ కాబట్టి వివరంగా రాస్తాను. 2025 ఆగస్టులో జైపూర్ డాక్టర్లు ఒక పరిశోధన బయటపెట్టారు. మధ్యస్తంగా స్లీప్ ఆప్నియా ఉన్న 30 మందిలో 16 మంది చేత శంఖం ఊదించారు, మిగతా 14 మంది చేత గట్టిగా ఊపిరి పీల్చి వదిలే వ్యాయామం చేయించారు. రోజుకి కనీసం 15 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, ఆరు నెలలు. ఊదినవాళ్లకి పగటి మత్తు 34 శాతం తగ్గింది, ఊపిరి ఆగడం గంటకి నాలుగైదు సార్లు తగ్గింది. ఇలాంటిది కొత్తేమీ కాదు. 2006లో స్విట్జర్లాండ్‌లో 25 మందితో డిడ్జరీడూ అనే ఆస్ట్రేలియా ఆదివాసుల పొడవాటి చెక్క బూర వాద్యంతో చేసి చూశారు, దానికి 2017లో నవ్వించి ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. బుగ్గలు పూరించి ఊదితే గొంతు, నాలుక వెనక కండరాలు గట్టిపడతాయని వాళ్ల ఆలోచన.

ఆర్కే బీచ్ దగ్గర గవ్వల బండి మీద 900 పెట్టి తళతళలాడే శంఖం కొన్నాను. ఇంటికొచ్చి ఊదితే గాలి కూడా లేదు. పూజలో పెట్టుకునే శంఖానికి తోక కొయ్యరు, ఊదేదానికే కోస్తారు. అమ్మిన అబ్బాయి చెప్పలేదు, నేను అడగలేదు. మళ్లీ వెళ్లి తోక కోసినది 1,400కి తెచ్చాను. మొదటి వారం ఆవు తుమ్మినట్టు చప్పుడు. బుగ్గలు నొప్పి, కళ్లు తిరగడం. అత్తమ్మ "ఆడోలు ఊదకూడదంతారే, ఏటిది" అంది. బెంగాలీ ఇళ్లల్లో ఆడవాళ్లే ఊదుతారు, స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో దుర్గ పూజకి నువ్వూ చూశావు కదా అంటే ఊరుకుంది. మూడో వారానికి నాదం నిలబడింది. సంక్రాంతికి జంగం దేవర వచ్చాడేమోనని పక్కింటి పిన్ని బియ్యం చాటతో గుమ్మంలోకి వచ్చింది. అది సెప్టెంబరు.

పగటి మత్తు కొలవడానికి ఎప్‌వర్త్ అని ఎనిమిది ప్రశ్నల కాగితం ఉంటుంది. చదువుతుంటే నిద్ర వస్తుందా, బస్సులో గంటసేపు కూర్చుంటే వస్తుందా, ఇలాంటివి. మొత్తం 24, పది దాటితే ఎక్కువని అర్థం. అదీ మెల్‌బోర్న్‌లో పుట్టిందే. మెషిన్, బూర, కాగితం, మూడూ ఆస్ట్రేలియా వైపే ఎందుకున్నాయో నాకు భలే వింతగా అనిపిస్తుంది. వైద్యం మొదలుపెట్టకముందు నా స్కోరు 16. బంతి నైటీతో 13. మూడు నెలలు శంఖం కలిపి ఊదాక 12. పెద్ద తేడా కాదు. వాళ్లు ఆరు నెలలు చేశారు, నేను కార్తీకమాసం అయిపోగానే రోజూ ఊదడం మానేశాను, కాబట్టి శంఖాన్ని తప్పుపట్టను. కానీ మధ్యస్తం, తీవ్రం ఉన్నవాళ్లు మెషిన్ పక్కన పెట్టేసి శంఖం ఒక్కటే నమ్ముకుంటామంటే ఒప్పుకోను. 16 మంది మీద చేసిన పరిశోధన అది. కంటి ఒత్తిడి, హెర్నియా లాంటివి ఉన్నవాళ్లు ముందు డాక్టర్ని అడగండి.

సూది మందు సంగతి కూడా అడిగాను. టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే మందుని 2024 డిసెంబరులో అమెరికాలో లావుగా ఉండి మధ్యస్తంగానో తీవ్రంగానో ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఆమోదించారు. మన దగ్గర మౌంజారో పేరుతో 2025 మార్చిలో వచ్చింది. మొదలుపెట్టే చిన్న డోసు సీసా అప్పుడు 3,500, అది వారానికి ఒకటి. సూదులంటే నాకు భయం లేదు, లెక్కలంటేనే భయం. బరువు పదిశాతం తగ్గితే ఏహెచ్‌ఐ దాదాపు పావు వంతు తగ్గుతుందని పాత పరిశోధనే ఉంది కాబట్టి, రాత్రి అన్నం మానేసి 78 నుంచి 73కి వచ్చాను. నాలుక నరానికి కరెంటు ఇచ్చే పరికరం ఛాతీలో పెట్టే ఆపరేషన్ ఒకటి 2014 నుంచి అమెరికాలో ఉంది. అది మా గాజువాక బేరం కాదు. కొండనాలుక దగ్గర కోసే ఆపరేషన్ నాకు అక్కర్లేదని ఈఎన్‌టీ డాక్టరు గారే చెప్పేశారు.

ఇప్పుడు వాడుతున్నది పళ్ల సెట్టు. నా పేరు అది, డాక్టరు గారి పేరు ఓరల్ అప్లయన్స్. "అప్పుడే పళ్లు ఊడిపోనాయేటి" అని అత్తమ్మ ఇంట్లో అందరికీ చెప్పింది. ద్వారకానగర్‌లో ఒక పళ్ల డాక్టరమ్మ చేసింది. నోరు తెరవగానే "మీరు టైలరా?" అంది. ముందు పంటి అంచున చిన్న గంటు ఉంది, ముప్పై ఏళ్లు దారం కొరికిన గుర్తు. ఈ పని చేసేవాళ్లకి వచ్చేదేనట. మొదట పళ్లు శుభ్రం చేసి, ఒక పుచ్చుపన్ను నింపాకే పని మొదలుపెట్టింది. చిగుళ్లు జబ్బుగా ఉన్నా, పట్టు ఇవ్వడానికి సరిపడా పళ్లు లేకపోయినా ఇది పెట్టరు.

ఆమె కొలతలు తీసిన తీరు చూసి నాకు కడుపు నిండింది. పై పళ్ల అచ్చు, కింది పళ్ల అచ్చు, దవడ ఎంత ముందుకి చాపగలనో మిల్లీమీటర్లలో, పళ్లు కలిసే తీరు, దవడ కీలు చప్పుడు చేస్తోందా లేదా అన్నీ రాసుకుంది. మూడు వారాలకి సెట్టు వచ్చింది. పై వరసకి ఒకటి, కింది వరసకి ఒకటి, పక్కల చిన్న స్క్రూలు. పిన్నీసంత తాళంచెవి ఇచ్చింది. నేను చాపగలిగినదాంట్లో సగం దగ్గర మొదలుపెట్టి వారానికోసారి కొంచెం కొంచెం తిప్పుతూ ముందుకి జరపాలి. రెడీమేడ్ గార్డులో లేనిది ఇదే, ఆల్టరేషన్. ఐదు వారాలకి ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఆగాం. ఏడుకి తిప్పితే చెవి ముందు నొప్పి వచ్చింది, వెనక్కి తిప్పేసింది. మొత్తం 32,000 అయింది. మెషిన్ కంటే తక్కువే, కానీ చేతిలో పట్టుకుంటే అంత ఖరీదుగా కనిపించదు, ఆ బాధ కొన్నాళ్లు ఉంటుంది.

ఇబ్బందులు చెబుతాను. మొదటి పదిహేను రోజులు చొంగ కారుతుంది. దవడ పట్టేసినట్టు ఉంటుంది. అన్నిటికంటే విచిత్రం, పొద్దున సెట్టు తీశాక పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలవవు. దవడ ఇంకా ముందే ఉంటుంది. నాకు అది ఎలా తెలిసిందంటే, షాపు తెరిచి మొదటి జాకెట్ కుట్టి దారం కొరికితే తెగదు! నానుతుంది తప్ప తెగదు. మొదట్లో పదింటి దాకా కత్తెర వెతుక్కునేదాన్ని. దాన్ని సర్దడానికి డాక్టరమ్మ ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క ఇచ్చింది, లేచాక పది నిమిషాలు వెనక పళ్లతో కొరికి పట్టుకోవాలి. ఇప్పుడు ఎనిమిదిన్నరకల్లా దారం తెగుతోంది. ఏళ్ల తరబడి వాడితే పళ్లు కొద్దిగా కదలొచ్చని కూడా చెప్పింది, ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. వేడినీళ్లతో కడగొద్దు, వంకర పోతుంది. చల్లనీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. తడిగా డబ్బాలో పెడితే మన ఊరి చెమ్మకి వాసన వస్తుంది, ఆరబెట్టి పెట్టండి.

జనవరిలో సెట్టు పెట్టుకుని, బంతి నైటీ వేసుకుని, పాత పరీక్షే మళ్లీ చేయించుకున్నాను. గురక తగ్గింది కదా, ఇంకో నాలుగున్నర వేలు ఎందుకు అని మా ఆయన అన్నాడు. చేయించుకుని తీరాల్సిందే. గురక ఆగిపోయినా ఊపిరి ఆగుతూనే ఉండొచ్చు, చెవికి వినబడేదాన్ని బట్టి తేల్చుకోకూడదు. శంఖంలో పోస్తేనే తీర్థం అన్నట్టు, రిపోర్టు చూస్తే గానీ నాకూ నమ్మకం కలగలేదు. ఏహెచ్‌ఐ 7, ఆక్సిజన్ కనిష్ఠం 89. ఎప్‌వర్త్ కాగితం మీద 6. మెషిన్ ఇచ్చిన 3 కాదు. కానీ మెషిన్ రెండు గంటలు ఉండేది, ఇది రాత్రంతా ఉంటుంది, కరెంటు పోయినా ఉంటుంది. బీపీ మాత్ర అలాగే నడుస్తోంది, దాన్ని మానేయమని ఎవరూ అనలేదు. ఏహెచ్‌ఐ 30 దాటినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు నా రివ్యూ చదివి మెషిన్ తిరిగివ్వకండి. మాస్కు కుదరకపోతే ముందు మాస్కు మార్చమని గొడవ పడండి. నేను ఆ గొడవ పడలేదు, ఇప్పటికీ అదొక్కటే మనసులో ఉంది.

మా ఆయన చాప గదిలోకి వచ్చేసింది. పోయినవారం బస్సులో పూర్ణా మార్కెట్ దాకా మెలకువగానే వెళ్లాను, కిటికీ పక్క సీటు దొరికి కూడా. పెద్ద శంఖం దేవుడి గదిలో ఉంది, శనివారాలు మాత్రం ఊదుతున్నాను. తోక కొయ్యని 900 శంఖంలో మా షాపు అమ్మాయి బాబిన్లు పెట్టుకుంటోంది.

బంతి నైటీ గురించి అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇప్పటికి తొమ్మిది కుట్టాను, అందులో ఆరు మగవాళ్ల బనియన్లు. కుట్టుకూలి 180, వెల్క్రో నాదే. ఛాతీ కొలత, మెడ నుంచి నడుం దాకా వీపు పొడవు తీసుకోవాలి కాబట్టి మనిషి స్వయంగా రావాలి, ఫోన్లో చెబితే కుట్టను. బంతులు మీవే తెచ్చుకోండి, పాతవి.